పాతాళగంగకు పట్టిన జిడ్డు

నిరుడు శ్రావణమాసంలో ఒక ఆదివారం ఉదయం నా పూర్వవిద్యార్థి ఒకడు హనుమకొండలో మా ఇంటికి వచ్చినాడు. జనగామకు మానుకోటకు నడుమ, బస్సులు నడిచే పెద్ద బాటను ఆనుకొని ఉన్న ఒక పల్లెలో అతడు ప్రధానోపాధ్యాయుడు. కుశలప్రశ్నలు ముగియకముందే చేతిసంచిలోనుండి ఒక గాజుసీసా తీసి బల్లమీద పెట్టి, "సార్, మూత తీయకున్రి. కిటికీ కాడ వెలుగుల పట్టి చూడున్రి" అన్నాడు. చూచినాను. నీళ్లు తేటగానే ఉన్నవి. పైన మాత్రం నెమలిపింఛపు రంగులవంటి పలుచని పొర ఒకటి, సీసాను కదిలించినప్పుడెల్లా విడిపోయి మరల కలుసుకొంటున్నది.

అవి బడి ఆవరణలోని బోరింగు నీళ్లు. నల్లా రాని దినాలలో మధ్యాహ్న భోజనం వండే తల్లులకు ఆ బోరింగే దిక్కు. వానలు మొదలైన పది దినాలకు పిల్లలు ముక్కులు మూసుకొని, నీళ్లు బంకు వాసన కొడుతున్నవని అనసాగినారట. పిల్లల నోటి మాట బడిలోనుండి ఊరిలోనికి, ఊరిలోనుండి పంచాయతీ అరుగుమీదికి పోయి, పోయిన కొద్దీ తీర్పుగా మారినది. బడికి రెండు వందల గజాల దూరంలో ఒక పెట్రోలు బంకు ఉన్నది. దాని టాంకు కారుతున్నదని ఊరంతా నిశ్చయించుకొన్నది. యువకులు కొందరు బంకు ముందర బైఠాయించినారు. బంకు యజమాని దేవునిమీద ఒట్టు పెట్టి తన తప్పు లేదన్నాడు, ఎవరూ నమ్మలేదు. నా శిష్యుడు నావద్దకు వచ్చినది కలెక్టరుగారికి అర్జీ వ్రాయించుకొనుటకు. "మీరు రాస్తే మాట గట్టిగ ఉంటది సార్" అన్నాడు.

కలం తీసికొన్నాను గాని మొదటి వాక్యంవద్దనే ఆగిపోయినాను. ఫలానా బంకు టాంకు కారి బడి నీళ్లు పాడైనవని వ్రాయుటకు నాకేమి తెలియును? ముప్పది ఏండ్లు వ్యాకరణం చెప్పినవాడను. పాడైనది నీరు, అది కంటి ఎదుట సీసాలోనే ఉన్నది. పాడు చేసిన కర్త ఎవరో తేలకుండ వాక్యం ఎట్లు ముగించను? "ఏమయ్యా, వారం దినాలు ఆగగలవా? అంతవరకు ఆ బోరింగు పిడికి తీగె చుట్టి కట్టివేయించు. ఒక్క పిల్లవాడు కూడ ఆ నీళ్లు ముట్టరాదు" అని చెప్పి పంపినాను. ఆ వారం దినాలు మా కళాశాలలోని రసాయనశాస్త్ర, భూగర్భశాస్త్ర మిత్రులకు నేను విద్యార్థినైనాను. అప్పుడు నేర్చినదే ఈ వ్యాసం. ఉపాధ్యాయ మిత్రులకు, పై తరగతుల విద్యార్థులకు పనికివచ్చునన్న ఆశతో వ్రాస్తున్నాను.

బంకులో మనకు కనబడేది పైన నిలిచిన పంపుయంత్రం మాత్రమే. అసలు సరుకు నేలలో ఉన్నది. ఒక్కొక్క టాంకు సాధారణంగా పదివేల నుండి ఇరవైవేల లీటర్లు పట్టును. ఉక్కు రేకుతో చేసి, పైన తారువంటి పూత పూసి, చుట్టూ ఇసుక పోసి పూడ్చుతారు. పూత ఎక్కడ చెదరితే అక్కడ తడిమన్ను తగిలి తుప్పు మొదలగును. ఈ తుప్పు రేకునంతా సమంగా తినదు. ఒక్కచోట పొక్కువలె లోపలికి తొలుచుకొని పోవును. టాంకుకంటె దానినుండి పంపువరకు పోయే గొట్టాలు, ఆ గొట్టాల అతుకులు ఎక్కువగా కారునని నిపుణులు చెప్పుతారు.

సెకనుకు ఒక్క చుక్క కారుతున్నదనుకొందాము. దినానికి 86,400 చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరైతే దినానికి నాలుగు లీటర్ల 320 మిల్లీలీటర్లు. ఏడాదికి 1,576 లీటర్లు. తరగతిలో లెక్క వేయించవచ్చును. ఇంత సరుకు పోతే యజమానికి తెలియదా అని అడుగుతారు పిల్లలు, నేనూ అడిగినాను. టాంకులో గీతలున్న డిప్పు కడ్డీ దింపి ప్రతిదినం మట్టం చూస్తారు, పుస్తకంలో వ్రాస్తారు. కడ్డీ కొసకు ఒక పేస్టు పూస్తారు. టాంకు అడుగున నీరు చేరి ఉంటే ఆ మేరకు పేస్టు రంగు మారును. అమ్మినది, మిగిలినది కలిపి, వచ్చినదానితో సరిచూచుకొంటారు. అయితే పెట్రోలు వేడికి వ్యాకోచించును, చలికి సంకోచించును. ఒక్క డిగ్రీ వేడి మారితే పరిమాణంలో దాదాపు వెయ్యింట ఒక వంతు మారును. పదివేల లీటర్ల సరుకులో ఒక్క డిగ్రీ తేడాకే పది లీటర్లు హెచ్చుతగ్గులు వచ్చునన్నమాట. దినానికి నాలుగు లీటర్ల కారుడు ఆ హెచ్చుతగ్గుల చాటున దాగిపోవును. ఒక్కదినం లెక్క చూస్తే దొరకదు. నెలల లెక్క పక్కపక్కన పెట్టి, తేడా ఎప్పుడూ ఒకవైపుకే మొగ్గుతున్నదా అని చూడవలెను. నిజాయితీపరుడైన యజమాని కూడ తెలియకనే కారే టాంకుమీద కూర్చుండవచ్చును. ఆనాటి అర్జీలో ఈ మాటకు చోటు లేదు.

కారిన చుక్క ఎక్కడికి పోవును? నేరుగా కిందికి. కొంత మట్టిరేణువులను పట్టుకొని నిలిచిపోవును, కొంత ఆవిరియై మట్టి సందులలో వ్యాపించును, మిగిలినది నీటిమట్టంవరకు దిగును. పెట్రోలు గాని డీజిలు గాని నీటికంటె తేలిక కనుక అక్కడ ఆగి, నీటిపైన తెట్టెవలె పరచుకొనును. ఎండకాలం నీటిమట్టం దిగితే తెట్టె కూడ దిగును. వానకాలం మట్టం లేస్తే తెట్టె లేచును. లేస్తూ దిగుతూ ఆ నడుమనున్న మట్టినంతా అలికినట్లు పూసివేయును. అందువలననే ఎండకాలం వాసన లేని బోరు వానలు పడగానే వాసన కొట్టవచ్చును. బడి బోరింగులో జరిగినది అదే. పిల్లలు కల్పించినదేమీ లేదు.

ఇక్కడ మన నేల సంగతి తెలియవలెను. జనగామ, మహబూబాబాదు జిల్లాలలో అధికభాగం అడుగున ఉన్నవి గ్రానైటు, నైసు శిలలు. పైన చెల్క, దానికింద మొరం, తరువాత సగం చివికిన రాయి, ఆపైన గట్టిబండ. ఓరుగల్లుకు ఏకశిలానగరమని పేరు పెట్టినవారు పైకి కనబడే బండను చూచి పెట్టినారు. బోరు వేసేవానిని అడిగితే ఆ ఏకశిల ఎన్ని పగుళ్ల కూర్పో చెప్పును. నీరుండేది ఆ పగుళ్లలోనే. వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమనే అధ్యాయం వ్రాసినాడు. భూమిలోని నీటిదారులను మనుష్యశరీరంలోని రక్తనాళాలతో పోల్చి వాటిని శిరలన్నాడు. పుట్టలను బట్టి, చెట్లను బట్టి నీటిజాడ చెప్పిన ఆ అధ్యాయంలోని ప్రతి సూచన నిలుచునని నేననను గాని, శిర అన్న మాట మాత్రం మన బండనేలకు అతికినట్లు సరిపోయినది. నెత్తురులో కలిసిన విషం నాళం ఎటు పోతే అటే పోవును. మన గ్రానైటు నేలలో నూనె కూడ అంతే. పక్కబావికి సోకకుండ, దూరంగా ఉన్న బోరులో తేలవచ్చును. గట్టిగా నడిచే మోటారు ఒకటి ఉంటే పగులు వెంబడి దానినే తనవైపు లాగుకొనవచ్చును.

భూపాలపల్లిలో కథ వేరు. అక్కడిది గోదావరి లోయలోని ఇసుకరాయి, దాని పొరల నడుమ సింగరేణి తవ్వే బొగ్గు. ఇసుకరాతిలో నీరు పగుళ్లలోకంటె రేణువుల సందులలో ఎక్కువగా నిలుచును, వెడల్పుగా మెల్లగా కదులును. 1856లో ఫ్రాన్సు దేశపు దిజాన్ నగరంలో హెన్రీ డార్సీ అనే ఇంజినీరు, ఇసుక నింపిన ఇనుప గొట్టంలో నీరు పారించి ప్రవాహానికొక సూత్రం కట్టినాడు. ఇసుకరాతి నేలలో ఆ సూత్రంతో నూనె ఎంతకాలానికి ఎంతదూరం పోవునో కొంత అంచనా కట్టవచ్చును. అయితే గనులలో దినరాత్రులు నీరు తోడుతారు గదా. అట్టిచోట భూగర్భజలం సహజమైన వాలును విడిచి గనివైపు మళ్లును. బొగ్గుగని పక్కన కారిన టాంకును వెదకేవాడు పైనేల వాలును నమ్మితే దారి తప్పును.

మానుకోటవైపు మరొక చిక్కు. 2024 సెప్టెంబరు 1 నాటి వరదలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. అట్టి వానలలో నేలంతా నీటితో నిండినప్పుడు భూమిలోని టాంకును నీరు పైకి ఎత్తును. ఆర్కిమిడీసు సూత్రం ఇదే. ఇరవైవేల లీటర్ల ఖాళీ టాంకును నీరు దాదాపు ఇరవై టన్నుల బలంతో పైకి నెట్టును. కింద కాంక్రీటు దిమ్మెకు పట్టీలతో బిగించనిచో టాంకు కదలును. కదిలితే అతుకులు విడును.

ఇక విషం మాట. పెట్రోలులో బెంజీను, టాలుయీను, ఇథైల్ బెంజీను, జైలీను అనేవి నీటిలో కొంత కరుగును. వీటిలో బెంజీను రక్తపు క్యాన్సరుకు కారణమని రుజువైన పదార్థం. తాగేనీటిలో లీటరుకు పది మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ మార్గసూచి. 2020 ఏప్రిలునుండి దేశమంతటా అమలైన భారత్ 6 ప్రమాణం ప్రకారం పెట్రోలులో బెంజీను నూటికి ఒక పాలు మించరాదు. అట్టి లీటరు పెట్రోలులో పది మిల్లీలీటర్లు, అంటే సుమారు 8.8 గ్రాముల బెంజీను ఉండవచ్చును. పది మైక్రోగ్రాముల చొప్పున భాగిస్తే అది 8 లక్షల 80 వేల లీటర్ల నీటిని ఆ పరిమితికి చేర్చగలదు. ఆరు మీటర్ల వ్యాసం, పది మీటర్ల నీటిలోతు గల మోటబావులు మూడు నింపే నీరది. నిజానికి బెంజీనంతా నీటికి చేరదు. కొంత ఆవిరగును, కొంత మట్టిలోని సూక్ష్మజీవులు తినును. అయినను ఒక్క లీటరుకు ఇంత సత్తువ ఉన్నదని తెలిసినప్పుడు నా చేతిలోని కలం కొంతసేపు కదలలేదు.

ఊళ్లో వాసన లేదు కనుక నీళ్లు మంచివే అనే మాట తరచుగా వినబడును. పెట్రోలులోని కొన్ని పదార్థాలు త్వరగానే వాసన ఇచ్చును. బెంజీనును మాత్రం నాలుకగాని ముక్కుగాని పట్టవలెనంటే, అది పైచెప్పిన పరిమితికి పదుల రెట్లు, ఒక్కొక్కప్పుడు వందల రెట్లు ఉండవలెను. వాసన వస్తే నీళ్లు చెడినట్లే. రాకపోతే మంచివని అర్థం కాదు. కాచి తాగవచ్చుగదా అందురు. బెంజీను ఎనుబది డిగ్రీలకే మరుగును. మూసిన వంటింట్లో కాచితే నీటిలోని విషం గాలిలోనికి మారి, పొయ్యిముందు కూర్చున్న తల్లి ఊపిరిలోనికి పోవును.

మనకు దగ్గరి ఉదాహరణ చెన్నపట్నంలో ఉన్నది. రాయపురం, చాకలిపేట, తండయారుపేట అనే ఉత్తరభాగపు పేటలలో తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్నారు. 2013లో తండయారుపేట నివాసులు తమ బోరునీళ్లు చమురు వాసన కొడుతున్నవని మొరపెట్టుకొన్నారు. అక్కడ కారినది టాంకు కాదు. రేవునుండి నిల్వకేంద్రానికి ఇంధనం తెచ్చే భారత్ పెట్రోలియం సంస్థవారి భూగర్భపు గొట్టం. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునలు దక్షిణపీఠంవరకు పోయినది. గొట్టం ఆపుటతో పని ముగియలేదు. భూమిలో పేరుకొన్న నూనెను బావులద్వారా తోడి వేరుచేయవలసి వచ్చినది. నేలను, నీటిని మరల మరల పరీక్షింపవలసి వచ్చినది. ఇరుకైన పేటలో, ఇండ్ల నడుమ, ఒక గొట్టం లోపం ఎన్ని ఏండ్ల పని పెట్టునో ఆ ఉదంతం తెల్పుచున్నది. మన తెలంగాణంలో పటాన్‌చెరువు అనుభవం ఉండనే ఉన్నది. అక్కడ పాడుచేసినవి పరిశ్రమల వ్యర్థజలాలు, చమురు కాదు. కాని గ్రానైటు నేలలోనికి దిగిన మాలిన్యం ఎంత మొండిదో చూపినది అదే. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన ఆ వ్యాజ్యం హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునలుకు వచ్చి తేలేసరికి ఒక తరం గడిచినది.

అమెరికాలో ఈ మేలుకొలుపు ముందే జరిగినది. 1977 చివర మసాచుసెట్సు రాష్ట్రంలో ఒక బంకు టాంకు కారి, రెండు మూడు వేల గాలన్ల పెట్రోలు నేలలోనికి పోగా ప్రావిన్సుటౌను అనే సముద్రతీరపు ఊరు తన ముఖ్యమైన మంచినీటి బావులను మూసివేయవలసి వచ్చినది. 1984లో అక్కడి కాంగ్రెసు భూగర్భ టాంకులకు చట్టం చేసినది. 1986లో శుద్ధికొరకు ప్రత్యేక నిధి ఏర్పరచినది. తరువాత వెదకగా వెదకగా తేలిన కారుడు టాంకుల ఉదంతాలు ఐదు లక్షలకు పైబడినవి. 1996లో కాలిఫోర్నియాలోని సాంటామోనికా నగరం, ఎం.టి.బి.ఇ. అనే పదార్థం బావులలో కనబడి తన నీటివనరులలో సగం పోగొట్టుకొన్నది. పొగ తగ్గించుటకని పెట్రోలులో కలిపిన పదార్థమది. గాలికి చేసిన మేలు నీటికి కీడైనది. మన పెట్రోలులో 2025 నాటికి నూటికి ఇరవై పాళ్లు ఇథనాలు కలుపుతున్నారు. ఇథనాలు విషమని కాదు. సూక్ష్మజీవులకు అది రుచియైన మేత. నేలలోని ప్రాణవాయువునంతా దానిమీదనే ఖర్చుచేసి, బెంజీనును తరువాతికి వదలివేయును. అందుచేత బెంజీను మరికొంత దూరం పోవచ్చునని శాస్త్రజ్ఞులు గుర్తించినారు.

ఎనిమిదవనాడు నేను ఆ ఊరికి పోయినాను. భూగర్భశాస్త్ర మిత్రుడు వెంట వచ్చినాడు. ఆయన మొట్టమొదట అడిగినది బంకునుగూర్చి కాదు, బావులనుగూర్చి. ఒక సరళరేఖలో లేని మూడు బావులు కావలెనన్నాడు. బడి వెనుక ఒకటి, బంకు పక్కన ఒకటి, ఉత్తరాన పొలంలో ఒకటి చేదబావులు దొరికినవి. మేస్త్రీలు గోడల మట్టం చూచుటకు వాడే నీళ్లగొట్టంతో మూడు బావుల ఒరలను ఒకే మట్టానికి లెక్కకట్టినాము. పదవ తరగతి పిల్లలు దారానికి బరువు కట్టి నీటిలోతు కొలిచినారు. ఒకే మట్టంనుండి లెక్కిస్తే పొలంబావిలో నీరు 7 మీటర్ల 60 సెంటీమీటర్ల కింద, బడిబావిలో 8 మీటర్ల 20, బంకుబావిలో 9 మీటర్ల 5. పిల్లలలో ఒక అమ్మాయి లెక్క చూచి, "సార్, నీళ్లు బంకు దిక్కు పోతున్నయి గద, బంకు దిక్కునుంచి వస్తలెవ్వు" అన్నది. మేమింకా ఆ మాట అనలేదు!

పగుళ్ల నేలలో మూడు బావుల లెక్క పూర్తి సాక్ష్యం కాదని మిత్రుడు హెచ్చరించినాడు. కాని ఎగువకు చూడమని చెప్పుటకు అది చాలును. బంకు యజమాని తన ఏడాది పుస్తకాలు తెచ్చి ముందర పరచినాడు. తేడాలు కొన్నిదినాలు హెచ్చు, కొన్నిదినాలు తగ్గు. చమురు సంస్థవారు వచ్చి టాంకులకు, గొట్టాలకు ఒత్తిడి పరీక్ష చేసినారు, నిలిచినవి. "నాది తప్పైతే నేనే తాళం వేసుకుంట సార్" అన్నాడు ఆయన. ప్రయోగశాల ఖర్చులో సగం తానిచ్చినాడు, తక్కిన సగం ఊరివారు చందా వేసుకొన్నారు.

నీటినమూనా తీయుట కూడ ఒక విద్య. ఎండలో బిందె నింపి బస్సులో తీసికొనిపోతే హైదరాబాదు చేరేసరికి వెదకేది ఆవిరైపోవును. నలుబది మిల్లీలీటర్ల చిన్న గాజుసీసాలలో గాలిబుడగ ఒక్కటి లేకుండ నింపి, ఒక్క బొట్టు ఆమ్లం వేసి, మంచుగడ్డల పెట్టెలో పంపవలెను. ప్రయోగశాలవారిచ్చిన శుద్ధజలపు సీసా ఒకటి మూత తీయకుండ వెంట తిరిగిరావలెను. దానిలో కూడ నూనె కనబడితే దోషం ఊరిది కాదు, ప్రయాణానిది. ప్రయోగశాలలో గ్యాసు క్రొమాటోగ్రాఫు అనే యంత్రం నూనెలోని పదార్థాలను పరుగుపందెంలోని పిల్లలవలె ఒకరివెంట ఒకరిని గీతవద్దకు పంపును. పెట్రోలులో తేలికవి ఎక్కువ, ముందుగా వచ్చును. డీజిలులో బరువువి ఎక్కువ, వెనుక వచ్చును. నూనె వయస్సు కూడ కొంత తెలియును. సూక్ష్మజీవులు నిటారు గొలుసుల అణువులను ముందు తిని, ప్రిస్టేను వంటి కొమ్మలున్న అణువులను చివరికి వదలును. నిటారువి తరిగి కొమ్మలవి మిగిలితే నూనె పాతదన్నమాట. పెట్రోలైతే మరొక ఆనవాలు సీసం. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 సంవత్సరంతో ఆగిపోయినది కనుక, ఆ పాత సీసపు సమ్మేళనం కనబడితే కారుడు అంతకు ముందుది కావచ్చును.

మా సీసాలో పెట్రోలు లేదు. ఉన్నది డీజిలు, అదియు చాల ఏండ్లు నేలలో మాగిన డీజిలు.

ఎగువన ఏముండెనని పెద్దలను అడుగగా, మేకలు కాసే ఒక తాత చెప్పినాడు. ఆయన చిన్నతనంలో బాట వేసే కాలాన కంట్రాక్టరు లారీల షెడ్డు పొలంబావికి ఇటువైపునే ఉండెడిదట. నేలలో ఇనుప పీపా పాతి డీజిలు పోసుకొనేవారట. పని ముగిసినాక షెడ్డు రేకులు తీసికొనిపోయినారు, పీపాను వదలినారు. దానిమీద తుమ్మచెట్లు మొలిచినవి. ఊరికి జ్ఞాపకమున్నది ఆ తాతకు మాత్రమే.

ఇక్కడ ఒక్క హెచ్చరిక ఉపాధ్యాయులు తప్పక పిల్లలకు చెప్పవలసియున్నది. పాత బావిలోనికి దిగేముందు లాంతరు వెలిగించి దింపి చూచుట మన పెద్దల ఆచారం. దీపం ఆరితే గాలి చెడినదని గుర్తించి దిగకుండ ఆగేవారు. ఎందరి ప్రాణాలనో కాపాడిన ఆచారమది. కాని ఇంధనపు వాసన ఉన్న బావిలో అదే ఆచారం ప్రాణం తీయును. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. బావి అడుగున చేరి కూర్చుండును. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్లు ఉన్నను మంట అంటుకొనును. దీపం ఆరిపోదు, బావియే పేలును. అట్టి బావిలోనికి దీపం దింపరాదు, బీడీ వెలిగించరాదు, మోటారు మీట నొక్కరాదు, మనిషి దిగనే రాదు. మూతవేసి, ముండ్లకంప అడ్డంపెట్టి, అగ్నిమాపకదళానికి చెప్పవలెను.

తుమ్మచెట్లకింది పీపాను అధికారుల సమక్షంలో, లోపలి ఆవిరిని తొలగించిన తరువాతనే పైకి తీసినారు. అడుగు జల్లెడవలె ఉన్నది. చుట్టూ ఉన్న మన్ను నల్లగా జిడ్డుకట్టి ఉన్నది. ఆ మన్నును పక్కపొలంలో చల్లరాదు. ప్రమాదకర వ్యర్థాలకు ఏర్పరచిన దుండిగల్లు కేంద్రానికి పంపవలసి వచ్చినది. మిగిలినదానికి ఉపాయాలు పలు విధాలు. తెట్టెను తోడివేయుట ఒకటి, మట్టిలోని ఆవిరిని యంత్రంతో పీల్చుట ఒకటి. నీటిలోనికి గాలి ఊది సూక్ష్మజీవులకు ప్రాణవాయువు అందించుట మరొకటి. పగుళ్ల బండలో ఇవన్నియు అర్ధఫలితమే ఇచ్చునని మిత్రుడు దాచకుండ చెప్పినాడు.

చట్టం లేదా అంటే ఉన్నది. పెట్రోలియం చట్టం 1934 నాటిది, నియమావళి 2002 నాటిది. నాగపూరు ప్రధానకేంద్రంగాగల పేలుడు పదార్థాల భద్రతాసంస్థ దానిని అమలుపరచును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరి 7న కొత్త బంకులకు మార్గసూచికలు వెలువరించినది. బడులకు, పది పడకలు, అంతకు మించి ఉన్న ఆసుపత్రులకు, నివాసాలకు ఏబది మీటర్ల లోపల బంకు పెట్టరాదనియు, తప్పనిసరియైతే అధిక జాగ్రత్తలతో ముప్పది మీటర్లకు తగ్గరాదనియు అందులో ఉన్నది. ఇవి బోర్డు కట్టుకొన్న బంకులకు. తుమ్మచెట్లకింది పీపా ఏ పుస్తకంలోను లేదు. బాటలు వెడల్పైనప్పుడు మూతపడిన బంకులు, ఎత్తివేసిన లారీ షెడ్లు, పాత రైసుమిల్లుల నూనెగుంతలు మన మూడు జిల్లాలలో ఎక్కడెక్కడ ఉన్నవో ఊళ్లలోని ముసలివారికి ఇంకా తెలియును. నా అభిప్రాయంలో ఆ జాబితా వ్రాయుటకు బడిపిల్లలకంటె తగినవారు లేరు. తాతలను అడిగి వ్రాయవలె, తవ్వరాదు.

కలెక్టరుగారికి అర్జీ చివరకు వ్రాసినాను. బంకు పేరు అందులో లేదు. బడికి నల్లా నీరు ప్రతిదినం వచ్చునట్లు చేయవలెననియు, పొలంబావినుండి బంకుబావివరకు నాలుగు పరిశీలన బోర్లు వేయించి ఏడాదికి రెండుమార్లు, ఎండకాలాన ఒకసారి వానకాలాన ఒకసారి, నీటిని పరీక్షింపవలెననియు కోరినాను. బోర్లు రెండు పడినవి. బైఠాయించిన యువకులలో ఇద్దరు బంకు యజమానివద్దకు పోయి క్షమాపణ చెప్పుకొన్నారని విన్నాను. తక్కినవారు ఇప్పటికిని ఎదుటి ఊరి బంకులోనే పెట్రోలు పోయించుకొంటున్నారట.

బడి బోరింగు పిడికి తీగె ఇంకను చుట్టియే ఉన్నది. ప్రతి నెల మొదటి శనివారం పిల్లలు మూడు బావులలో దారం దింపి, లోతులు గోడమీది పట్టికలో వ్రాస్తున్నారు. మొన్న నా శిష్యుడు ఫోను చేసి చెప్పినాడు: బడిబావిలో 8 మీటర్ల 75, నిరుటికంటె ఏబదియైదు సెంటీమీటర్లు కిందికి, పొర ఈ నెల కనబడలేదు, వానలు ఇంకా మొదలు కాలేదు.